గుట్టల మీది వలస గూడేలకు అండగా ఉన్నవారిని ఒంటరిగా వదిలేయవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన గోదావరి, శబరి మన్యంలో స్థిరపడిన గొత్తికోయ కుటుంబాల గురించి పత్రికల్లో వార్త కనిపించిందంటే అది చాలావరకు అడవి నరికివేత గురించో, గుడిసెల తొలగింపు గురించో, ఎదురుకాల్పుల గురించో అయి ఉంటుంది. అవి రాయవలసిన వార్తలే. కానీ అవే గూడేలకు వాగులు దాటి, గుట్టలెక్కి వెళ్లి పసిపిల్లలకు టీకాలు వేయిస్తున్న ఆశా కార్యకర్తల గురించి, చిట్టాలో లేని పిల్లలకు కూడా ఇంత అన్నం పెడుతున్న అంగన్‌వాడీ టీచర్ల గురించి, రేకుల షెడ్లలో అక్షరాలు దిద్దిస్తున్న కోయ యువకుల గురించి, ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న చిన్న స్వచ్ఛంద సంస్థల వారి గురించి మనం చదివేది చాలా తక్కువ. భద్రాచలం ఏజెన్సీ పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిగా వీరిలో పలువురిని దగ్గరగా ఎరుగుదును. వారి శ్రమలో పెద్ద భాగం ధ్రువపత్రం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోందని, ఆ అడ్డు తొలగించగలిగినవి ప్రభుత్వాలేనని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ కుటుంబాలు ఎందుకు వచ్చాయో కొత్త తరం పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతం నుంచి, మనం గొత్తికోయలని పిలిచే మురియా, దోర్లా గిరిజన కుటుంబాలు బంధుత్వాల కోసం, సాగుభూమి కోసం మన వైపు రావడం పాత విషయమే. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైన తర్వాత ఆ రాకకు అర్థమే మారిపోయింది. నాటి దంతెవాడ, బీజాపూర్ అడవుల్లో ఒకవైపు జుడుం దళాలు ఊళ్లను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించగా, శిబిరాలకు వెళ్లినవారిని మావోయిస్టులు శత్రువులుగా చూశారు. ఈ రెంటి మధ్య నలిగిన వేలాది కుటుంబాలు రాత్రికి రాత్రి బయలుదేరి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. స్వచ్ఛంద సంస్థల అంచనాలు 30 వేల నుంచి 50 వేల మంది వరకు చెబుతున్నాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం, గిరిజన యువకులకు తుపాకులిచ్చి ఈ పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మన తెలుగువారైన సుదర్శన్ రెడ్డి గారు 2025లో ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ఆ తీర్పు మళ్లీ దేశమంతటా చర్చకు వచ్చింది. తీర్పును సమర్థించినవారు, విమర్శించినవారు ఎంతో మాట్లాడారు. ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడ ఉన్నాయి, ఎలా ఉన్నాయి అన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో దాదాపు వినిపించలేదు.

వారు ఉన్నది భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల అడవుల్లో, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల గుట్టల్లో. ఇరవై ముప్పై ఇళ్ల గూడెం, వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడలు, వాగు ఇసుకలో తీసిన చెలమ నీళ్లు. చలికాలం నుంచి వేసవి మొదలయ్యే దాకా మిరప కోతలు, ఆ తర్వాత ఇప్పపువ్వు, తునికాకు. గోదావరి ఒడ్డున పండే మిర్చి కల్లాలకు చేరడంలో వీరి చేతుల పని ఎంత ఉందో రైతులను అడిగితే చెబుతారు. లాక్‌డౌన్ నాటి 2020 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా పేరూరు మిరప తోటల నుంచి తనవారితో కాలినడకన సొంత ఊరికి బయలుదేరిన పన్నెండేళ్ల బాలిక బీజాపూర్ దాకా వెళ్లి, ఇల్లు చేరకముందే ప్రాణం విడిచింది. ఆ బిడ్డ కోతలకు వచ్చిన సీజను కూలీ. గూడెం కట్టుకుని ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు కూడా ఆ వయసుకే, ఆ తోటల్లోకే వెళుతున్నారు.

ఈ గూడేలకు మొదట చేరేది ఆశా కార్యకర్తే. జుడుం తొలి ఏళ్లలో అంతర్జాతీయ వైద్య సంస్థ ఎం.ఎస్.ఎఫ్. ఈ సరిహద్దులో సంచార వైద్యశాలలు నడిపింది. ఇప్పుడు ఆ భారంలో ఎక్కువ భాగం స్థానిక కోయ ఆడపడుచుల భుజాల మీదే ఉంది. నాకు తెలిసిన ఒక ఆశా కార్యకర్తతో వానాకాలంలో ఒకసారి ఆమె తిరిగే గూడేనికి వెళ్లాను. వాగు నడుము లోతు పారుతుంటే మందుల సంచిని తల మీద పెట్టుకుని దాటింది. జ్వరంతో పడుకున్న ఒక పిల్లవాడి వేలి చివర సూదితో గుచ్చి, కిట్టు మీద రక్తపు చుక్క వేసి, గీతలు తేలే దాకా ఆ తల్లితో కోయ మాటల్లో కబుర్లు చెబుతూ కూర్చుంది. మెదడుకు పాకే రకం మలేరియా అని తేలింది. మూడు రోజులు వేయవలసిన మాత్రలు. మొదటి రోజుకే జ్వరం దిగితే మిగిలినవి చూరులో దోపేయడం అక్కడ మామూలు. అందుకని మొదటి మోతాదు తన ఎదుటే మింగించి, మిగిలిన రెండు రోజుల మాత్రలను గూడెం పెద్ద చేతిలో పెట్టి, ఏ పూట ఏది వేయాలో ఆయన చేత తిరిగి చెప్పించుకుంది. ఆ గూడెంలో ఫోను సిగ్నలు లేదు. మాత్రలు వేశారో లేదో చూడటానికి మూడో రోజు మళ్లీ ఆ వాగు దాటింది. ఆమెకు చేతికందే డబ్బులో చాలా భాగం చేసిన పనుల లెక్కను బట్టి వచ్చేదే తప్ప, ఈ దూరానికీ, ఈ వాగుకూ విడిగా లెక్క కట్టే పద్దు ఏదీ లేదు.

అంగన్‌వాడీల సంగతి ఇంకొకలా ఉంది. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో మినీ అంగన్‌వాడీ కేంద్రం పెట్టాలన్నా కనీసం 150 మంది జనాభా ఉండాలని సమగ్ర శిశు అభివృద్ధి పథకం నిబంధన. పాతిక ఇళ్ల గూడెం చాలాసార్లు ఆ లెక్కకు అందదు. కాబట్టి పక్క కోయ పల్లెలోని కేంద్రం టీచరే ఆ పిల్లలను కూడా తన పిల్లలుగా చూసుకోవాలి. చాలామంది అలాగే చూసుకుంటున్నారు. పైనుంచి వచ్చే గుడ్లూ, బాలామృతం, బియ్యం రిజిస్టరులోని పేర్ల లెక్కకే వస్తాయి. కోతలు ముగిసి కుటుంబాలు గూడేలకు తిరిగొచ్చిన నెలలో పిల్లలు ఒక్కసారిగా పెరుగుతారు. అప్పుడు ఉన్నదాన్నే అందరికీ సర్దే పని టీచరుది, తనిఖీకి వచ్చినవారికి లెక్క తేడా ఎందుకొచ్చిందో వివరించుకునే పనీ ఆమెదే. ఏటా ఫలానా నెలల్లో రాకపోకలుంటాయని తెలిసిన ప్రాంతంలో ఆ నెలలకు అదనపు సరుకు ముందే కేటాయించడం జిల్లా స్థాయిలో తీర్చగలిగిన విషయం. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

చదువు విషయంలో చట్టం నిజానికి వీరి పక్షానే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బడీ ఏ బిడ్డనూ చేర్చుకోకుండా తిప్పి పంపరాదు. బడి ముఖం చూడని పదేళ్ల పిల్లను ఆమె ఈడు తరగతిలోనే చేర్చుకుని, వెనుకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో పూర్తి చేయించాలి. ఆ శిక్షణను మన్యంలో నిజంగా మోస్తున్నది, పిల్లలను మామూలు బడికి సిద్ధం చేసే బ్రిడ్జి బడుల వాలంటీర్లు. ఇంటర్ దాకా చదివి, ఊళ్లోనే ఉండిపోయిన కోయ యువకులు వీరు. ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లకు నేరుగా తెలుగు వాచకం ఇస్తే వారంలో బడి మానేస్తుంది. అదే పిల్లకు మొదటి కొన్ని నెలలు తనకు తెలిసిన మాటల్లో లెక్కలు, కథలు చెప్పి, మెల్లగా తెలుగులోకి తెచ్చినప్పుడు మూడో ఏడాదికల్లా తరగతిలో ముందు వరుసలో కూర్చున్న సందర్భాలు ఉపాధ్యాయినిగా నేను చూశాను. వీరికి ఇచ్చే గౌరవ వేతనం సంస్థలకు విరాళాలు వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు ఆగిపోతుంది. వేతనం ఆగిన నెలల్లో కూడా బడి తెరిచి ఉంచినవారు ఉన్నారు. ప్రభుత్వం వీరిని విద్యా వాలంటీర్లుగా గుర్తించి జీతం ఇస్తే బడుల్లో పిల్లలు నిలుస్తారు.

ఇంత మంది ఇంత చేశాక ఆ పిల్ల ఐదో తరగతి పూర్తి చేస్తుంది. అక్కడినుంచి అసలు చిక్కు మొదలవుతుంది. గురుకులంలో సీటుకు, ఆశ్రమ పాఠశాలకు, ఆ తర్వాత పోస్టుమెట్రిక్ ఉపకార వేతనానికి కుల ధ్రువపత్రం కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో మురియాలు గోండుల శాఖగా షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. గోండులు రెండు తెలుగు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నారు. అయినా సరిహద్దు దాటి వచ్చిన మురియా బిడ్డ ఇక్కడ ఎస్టీ కాదు. రాజ్యాంగంలోని 342వ అధికరణం ప్రకారం ఆ జాబితా రాష్ట్రానికి సంబంధించినది కావడమే ఇందుకు కారణం. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1990లో గట్టిగా చెప్పింది. ఆ కేసు వేసినది కూడా తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలోనే బొంబాయి వెళ్లిన ఒక ఎస్టీ విద్యార్థి. ఇష్టపడి ఉద్యోగానికి వెళ్లిన కుటుంబానికీ, ప్రాణభయంతో అడవి దాటిన కుటుంబానికీ ఒకే కొలత పెట్టడం ఎంతవరకు న్యాయమో పాలకులు ఆలోచించాలి.

అటవీ హక్కుల విషయంలోనూ ఇదే జరిగింది. 2006 నాటి చట్టం కింద పోడు హక్కు పొందాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. జుడుం మొదలైన ఆరు నెలలకు ఆ గడువు తేదీ పడింది. ఆ తర్వాత పారిపోయి వచ్చిన కుటుంబానికి ఇక్కడ హక్కు రాదు, అక్కడ వదిలిన భూమి చేతిలో లేదు. తెలంగాణలో 2023లో పోడు పట్టాలు పంచినప్పుడు వీరు పక్కనే నిలబడి చూడవలసి వచ్చింది.

ఇక జనన ధ్రువపత్రం. జనన మరణాల నమోదు చట్టానికి 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని ఆధార్ దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల లోపు నమోదు చేయిస్తే ఇబ్బంది లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. గుట్ట మీద ఇంట్లో పుట్టిన బిడ్డ తేదీ చెప్పమంటే తల్లి ‘మిర్చి కోతలప్పుడు’ అంటుంది. ఆ బిడ్డ పుట్టుకకు మిగిలే ఒకే ఒక్క రాతపూర్వక ఆధారం ఆశా కార్యకర్త డైరీలోనో, అంగన్‌వాడీ రిజిస్టరులోనో ఉంటుంది. ఈ రెండింటినీ ఆధారంగా తీసుకుని, రెవెన్యూ అధికారి ఏడాదికి రెండుసార్లు గూడేల దగ్గరికే వచ్చి ఆలస్యపు నమోదులు పూర్తి చేయిస్తే రేపు ఆ పిల్లలు ఏ కార్యాలయం మెట్లూ ఎక్కనవసరం లేదు. గత ఏడాది ఒక తల్లి ఈ పని మీద తిరిగిన కార్యాలయంలో తీరా సంతకం అందే వేళకు ‘మీది ఛత్తీస్‌గఢ్ కదా, అక్కడికే వెళ్లి తెచ్చుకోండి’ అన్నారు. పక్కనే ఉన్నాను. బిడ్డ పుట్టింది ఇక్కడేనని ఆశా కార్యకర్త డైరీ తెరిచి చూపినా ప్రయోజనం లేకపోయింది. ఇంత కష్టపడి పనిచేసే ఆ అమ్మాయి మాటకు ఆ గదిలో విలువ లేకపోవడం నన్ను చాలా బాధించింది.

స్థానిక కోయ, కొండరెడ్డి సోదరుల అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఉన్న కాస్త భూమికీ, ఉన్న కాసిని సీట్లకూ ఇంకొకరు వాటాదారులవుతారన్న భయం సహజమైనది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును ఇచ్చిన 19వ అధికరణమే, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ హక్కుకు పరిమితులు పెట్టవచ్చునని కూడా చెబుతోంది. అడవి తగ్గిపోతున్నదన్న అటవీ శాఖ ఆందోళన కూడా నిజమే. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర విధి నిర్వహణలో ఉన్న ఫారెస్టు రేంజి అధికారి హత్యకు గురయ్యారు. అది ఘోరమైన నేరం. దోషులిద్దరికీ 2023లో కొత్తగూడెం న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. అయితే ఇద్దరు చేసిన నేరానికి గూడెం మొత్తాన్ని పంపించేయాలని గ్రామ పంచాయతీ తీర్మానం చేయడంతో, ఏ పాపం ఎరుగని కుటుంబాలు కూడా దిక్కు తోచని స్థితిలో పడ్డాయి. అంతకు ముందు 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చినప్పుడు, చట్ట ప్రకారం నడవకుండా ఖాళీ చేయించరాదని ఉమ్మడి హైకోర్టు చెప్పవలసి వచ్చింది. ఇటువంటి ప్రతి ఘటన తర్వాతా గూడేలు ఇంకా లోపలికి, ఇంకా పై గుట్టల మీదికి జరుగుతాయి. ఆశా కార్యకర్త నడవవలసిన దూరం పెరుగుతుంది, బడికి వచ్చే పిల్లలు తగ్గుతారు, కొత్తగా నరికే అడవి కూడా పెరుగుతుంది. ఒకచోట నిలకడగా బతకనివ్వడమే అడవికి కూడా మేలు.

ఇది తీరని సమస్యేమీ కాదని ఈశాన్య భారతం చూపింది. 1997లో మిజోరం నుంచి పారిపోయి త్రిపుర శిబిరాల్లో తలదాచుకున్న బ్రూ గిరిజనుల విషయంలో, 2020 జనవరి 16న కేంద్రం, త్రిపుర, మిజోరం ప్రభుత్వాలు, బ్రూ ప్రతినిధులు కలిసి ఒప్పందం చేసుకున్నారు. సుమారు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి 600 కోట్ల రూపాయలు కేటాయించారు. ఒక్కొక్క కుటుంబానికి ఇంటి స్థలం, 4 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, రెండేళ్ల పాటు నెలకు 5 వేల రూపాయలు, ఉచిత రేషన్ ఇచ్చేలా ఏర్పాటు చేశారు. అదీ కొండ ప్రాంతమే. అక్కడా స్థానికుల అభ్యంతరాలు వచ్చాయి. అయినా నాలుగు పక్షాలు కూర్చుని మాట్లాడుకుంటే దారి దొరికింది. గొత్తికోయల విషయంలో కేంద్రం, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అలా కూర్చోవాలి. మావోయిస్టు ఉద్యమం ముగింపు దశకు వచ్చిందని ప్రభుత్వాలు చెబుతున్న ఈ సమయంలో, తిరిగి వెళ్లాలనుకునే కుటుంబానికి అక్కడ భూమి, భద్రత కల్పించాలి. ఉండిపోవాలనుకునే కుటుంబానికి ఇక్కడ చోటు చూపాలి. ఆ ఎంపిక ఆ కుటుంబాలకే ఉండాలి. ఇరవై ఏళ్ల క్రితం చంకన ఎక్కి వచ్చిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టారు. వారిని ఏ ఊరికని పంపుతాం?

ఆ ఒప్పందం కుదిరే దాకా ఆగనక్కర్లేని పనులు ఉన్నాయి. షెడ్యూల్డ్ తెగల జాబితా మార్చాలంటే పార్లమెంటు చట్టం కావాలి. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో ఐదో తరగతి దాటిన బిడ్డకు ఆశ్రమ పాఠశాలలో, వసతి గృహంలో చోటివ్వడం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుతో అయ్యేదే. స్థానిక గిరిజన పిల్లల సీట్లకు కోత పడకుండా ఆ సీట్లు అదనంగా మంజూరు చేస్తే ఎవరికీ అన్యాయం జరగదు. భద్రాచలం, ఏటూరునాగారం, చింతూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐ.టి.డి.ఏ.లు) మూడూ కలిసి, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సాయంతో గూడేలవారీగా ఒకే పద్ధతిలో లెక్క తీయాలి. ఆ లెక్కను ఖాళీ చేయించడానికి వాడబోమని ముందుగా రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. లేకుంటే ఎన్యూమరేటరును చూసి జనం అడవిలోకి పోతారు, నమ్మకంతో తలుపు తీసే ఆశా కార్యకర్తకు కూడా ఆ తర్వాత తలుపు తెరుచుకోదు. గుట్ట మీది గూడేలకు వెళ్లే కార్యకర్తలకు దూరాన్ని బట్టి ప్రయాణ భత్యం, వానాకాలానికి గొడుగు, బూట్లు, టార్చిలైటు ఇవ్వడానికి పెద్ద మొత్తమేమీ అవసరం లేదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. మీ మండల విలేకరులను ఈ మిరప కోతల కాలంలో ఒక్క రోజు ఏదో ఒక ఆశా కార్యకర్త వెంట, ఇంకొక రోజు ఏదో ఒక బ్రిడ్జి బడికి పంపండి. వారు చూసినది జిల్లా ఎడిషన్‌కే పరిమితం చేయకుండా ప్రధాన సంచికలో, రెండు రాష్ట్రాల పాఠకులూ, రెండు రాజధానుల అధికారులూ చదివేలా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
భద్రాచలం